నోడ్‌లో తెచ్చుకున్న తెలుగు వ్యాసం మధ్యలో అక్షరాలు ఎందుకు విరుగుతున్నాయి?

గ్రంథాలయ_మిత్రుడు
మా ఊరి గ్రంథాలయం గోడ మీద రోజుకొక తెలుగు వికీపీడియా వ్యాసం అచ్చు వేసి అంటిస్తాము. వ్యాసం తెచ్చే ప్రోగ్రాం నోడ్ జేఎస్‌లో (జావాస్క్రిప్టు ప్రోగ్రాములు నడిపే సాధనం) నేనే రాశాను. బయటి ప్యాకేజీలు ఏవీ లేవు. నోడ్‌తో పాటే వచ్చే హెచ్‌టీటీపీఎస్ మాడ్యూల్, అందులో గెట్ ఫంక్షన్. 'డేటా' ఈవెంటు వచ్చినప్పుడల్లా, అంటే జవాబులో ఒక ముక్క అందినప్పుడల్లా, బాడీ += చంక్ అని దాన్ని చివర కలుపుతాను. 'ఎండ్' రాగానే, జేసన్ (డేటాను పాఠంగా పంపే రూపం)గా వచ్చిన జవాబును జేసన్.పార్స్ చేసి ఫైలులో రాస్తాను. ఇంతే పని.

చిన్న వ్యాసాలు శుభ్రంగా వస్తున్నాయి. పెద్ద వ్యాసాల్లోనే ఎక్కడో ఒకచోట అక్షరం విరుగుతోంది. నిన్న గోదావరి వ్యాసంలో ఒకచోట "గోదా��రి" అనీ, కింద ఇంకొకచోట "రాజ���హేంద్రవరం" అనీ వచ్చింది. రోజూ వచ్చే పెద్దాయన ఒకరు పెన్సిలుతో వాటి చుట్టూ సున్నాలు చుట్టి నాకు చూపించారు. రెండు నెలల కిందటి వరకు ఈ బాధ లేదు, డేటా తెచ్చే కోడ్‌ను నేను ముట్టుకోనూ లేదు. మూడు రోజులుగా వెతుకుతున్నాను.

రాత్రిబండి
ఫాంటు చూశారా? మా ఆఫీసు ప్రింటరులో తెలుగు ఫాంటు లేక ఇలాగే అయింది.

తుంగభద్ర
ఫాంటు అయితే ఖాళీ డబ్బాలు వస్తాయి, అదీ మొత్తం వ్యాసమంతా వస్తాయి. ఈ నల్లని గుర్తు వేరు. యూనికోడ్‌లో దానికంటూ ఒక స్థానం ఉంది, యూ+ఎఫ్ఎఫ్ఎఫ్‌డీ. బైట్లను అక్షరాలుగా చదివేటప్పుడు అర్థం కాని బైటు తగిలితే, దాని బదులు ఈ గుర్తు పెడతారు. అంటే అక్షరం అచ్చులో పోలేదు, అంతకు ముందే ఎక్కడో పోయింది.

మల్లెతీగ
మధ్యలో డేటాబేసు ఉందా? మైఎస్‌క్యూఎల్‌లో పాత యుటిఎఫ్8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) పెట్టి ఉంటే అక్షరానికి మూడు బైట్లే పడతాయి. అక్కడ నేను ఒకసారి గట్టిగా దెబ్బతిన్నాను.

గ్రంథాలయ_మిత్రుడు
డేటాబేసు లేదండీ. వచ్చింది వచ్చినట్టు ఫైలులోకే వెళుతుంది.

తుంగభద్ర
ఉన్నా అది కారణం కాదు. తెలుగు అక్షరాలు మూడు బైట్లలో సరిపోతాయి. నాలుగు కావలసింది ఎమోజీలకు. మల్లెతీగ గారిని దెబ్బతీసినవి అవే అయి ఉంటాయి.

మల్లెతీగ
అవును, నవ్వు బొమ్మలే! ఎనిమిది గంటలు ఏడిపించాయి.

బఫర్_బాబాయి
మిత్రుడు గారూ, తప్పు ఆ += దగ్గరే ఉంది.

'డేటా' ఈవెంటు మీ చేతిలో పెట్టేది అక్షరాలు కాదు, బఫర్, అంటే వట్టి బైట్లు. దాన్ని స్ట్రింగుకు కలపగానే నోడ్ ఆ ముక్క వరకే తీసుకుని అక్కడికక్కడే అక్షరాలుగా మార్చేస్తుంది. తర్వాతి ముక్క కోసం ఆగదు. ఇప్పుడు 'వ' తీసుకోండి. యుటిఎఫ్-8లో అది మూడు బైట్లు: ఈ0, బీ0, బీ5. ముక్కలు ఎక్కడ తెగాలో నిర్ణయించే నెట్‌వర్కుకు మన 'వ' ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మొదటి రెండు బైట్లు ఒక ముక్క చివర, మూడోది తర్వాతి ముక్క మొదట్లో పడితే, విడివిడిగా రెండింటికీ అర్థం లేదు. అటు ఒక నల్ల గుర్తు, ఇటు ఒక నల్ల గుర్తు.

మీ పెద్దాయన చుట్టిన సున్నాల్లోనే రుజువు ఉంది. 'గోదావరి'లో రెండు గుర్తులు వచ్చాయి, అంటే 'వ' రెండో బైటు తర్వాత తెగింది. 'రాజమహేంద్రవరం'లో మూడు వచ్చాయి. అక్కడ 'మ' మొదటి బైటు తర్వాతే తెగింది. ఈ0కు ఒక గుర్తు, అవతల మిగిలిన బీ0కు ఒకటి, ఏఈకి ఒకటి.

చిన్న వ్యాసం ఒకే ముక్కలో వచ్చేస్తుంది కనుక తెగే ప్రశ్న లేదు. పెద్దది ముక్కలు కాక తప్పదు. హెచ్‌టీటీపీఎస్‌కు రక్షణ ఇచ్చే టీఎల్ఎస్‌లో ఒక రికార్డులో, అంటే ఒక మూటలో, 16,384 బైట్లకు మించి సమాచారం పట్టదు. దాన్ని మూడుతో భాగించండి, 5,461 అక్షరాలు పోగా ఒక బైటు మిగులుతుంది. ఒక్క ఖాళీ కూడా లేకుండా అంతా తెలుగే రాసినా అంచు దగ్గర అక్షరం చీలుతుంది.

మందు ఒక్క వరుస. 'డేటా' వినడం మొదలుపెట్టే ముందు రెస్.సెట్‌ఎన్‌కోడింగ్('యుటిఎఫ్8') అని రాయండి. అప్పుడు నోడ్ సగం అక్షరాన్ని తన దగ్గరే పట్టుకుని, మిగతా సగం వచ్చాక కలిపి ఇస్తుంది. లేదా ముక్కలన్నీ ఒక అరేలో వేసుకుని, 'ఎండ్'లో బఫర్.కాన్‌క్యాట్ చేసి, అప్పుడు ఒకేసారి టుస్ట్రింగ్ చేయండి. బొమ్మలు, పీడీఎఫ్‌లు తెచ్చేటప్పుడు ఈ రెండోదే దారి, చివరి టుస్ట్రింగ్ మాత్రం లేకుండా.

సున్నా_నుంచి
నేను ఈ మధ్యనే నేర్చుకుంటున్నాను. బఫర్_బాబాయి గారూ, ఒత్తుల సంగతి ఏమిటి? అక్షరం ఒక ముక్కలో, దాని ఒత్తు ఇంకొక ముక్కలో పడితే?

బఫర్_బాబాయి
మంచి ప్రశ్న. 'క్షా' మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటర్‌కు నాలుగు: క, పొల్లు, ష, దీర్ఘం. మొత్తం 12 బైట్లు. ఈ నాలుగింటిలో రెండింటి మధ్య తెగితే నష్టం లేదు, పక్కపక్కన చేర్చగానే మళ్లీ 'క్షా' అయిపోతుంది. ఏదో ఒకదాని మూడు బైట్ల లోపల తెగితేనే నష్టం.

అక్షరసేద్యం
దీనికి ఒక చిన్న సవరణ. ముక్కలను చేర్చి వాడితే నష్టం లేదు. ముక్క వచ్చినప్పుడల్లా దాని మీదే పని చేస్తే మాత్రం ఉంది. నేను పాత పత్రికల పాఠంలో పదాల లెక్క తీసేవాడిని. సెట్‌ఎన్‌కోడింగ్ పెట్టాను కదా అనే ధీమాతో ప్రతి ముక్కలోనూ పదాలు లెక్కపెట్టాను. 'పొలిమేర' అనే పదం 'పొలి' అని ఒకసారి, 'మేర' అని ఒకసారి లెక్కలోకి వచ్చింది. రెండూ నిజమైన పదాలే కావడంతో చాలా రోజులు ఎవరికీ అనుమానం రాలేదు.

సున్నా_నుంచి
పొలిమేర దగ్గరే తెగడం బాగుంది!

ఉప్పాడ_నేత
బాబాయి గారి వివరణ బాగుంది కానీ ఒక చిక్కు మిగిలింది. రెండు నెలల కిందటి వరకు సరిగా వచ్చిందని మిత్రుడు గారు మొదటే చెప్పారు. += అప్పుడూ ఉంది. పెద్ద వ్యాసాలు అప్పుడూ వేశారు కదా? మరి అప్పుడు అక్షరాలు ఎందుకు తెగలేదు?

గ్రంథాలయ_మిత్రుడు
అవును, కృష్ణా నది వ్యాసం సంక్రాంతి నాడు వేశాము. అది గోదావరి కంటే చిన్నదేమీ కాదు. ఒక్క తప్పు లేదు.

తుంగభద్ర
మీరు పిలుస్తున్న చిరునామాలో ఫార్మాట్‌వెర్షన్=2 ఉందా?

గ్రంథాలయ_మిత్రుడు
ఉంది. జవాబు ఆకారం తేలికగా ఉంటుందని ఎవరో చెబితే చేర్చాను. ఎప్పుడు చేర్చానో చూసి చెబుతాను.

గ్రంథాలయ_మిత్రుడు
సరిగ్గా రెండు నెలల కిందటే! చిరునామా వేరే సెట్టింగుల ఫైలులో ఉంటుంది. అందుకే కోడ్ ముట్టుకోలేదని నమ్మకంగా చెప్పాను. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

తుంగభద్ర
అదే సంబంధం. ఆ అంకె లేకపోతే వికీపీడియా ఏపీఐ (ప్రోగ్రాములకు జవాబిచ్చే ద్వారం) తెలుగును తెలుగుగా పంపదు. 'వ' బదులు \యూ0సీ35 అని ఆరు మామూలు గుర్తులు పంపుతుంది. ఒక్కొక్క గుర్తూ ఒక్కొక్క బైటే. మధ్యలో ఎక్కడ తెగినా, అన్నీ చేర్చాక జేసన్.పార్స్ దాన్ని 'వ'గా మార్చేస్తుంది. ఫార్మాట్‌వెర్షన్ 2 పెట్టగానే అసలు యుటిఎఫ్-8 రావడం మొదలైంది. మీ కోడ్‌లో తప్పు మొదటి రోజు నుంచీ ఉంది, బయటపడే అవకాశం ఇప్పుడు దొరికింది.

ఉప్పాడ_నేత
ఇప్పుడు లెక్క కుదిరింది.

కొండపల్లి_బొమ్మ
ఇదంతా చదువుతుంటే నాకు ఒకటే అనిపిస్తోంది. ఇంత బాధ ఎందుకు? నోడ్ 18 నుంచి, అంటే 2022 ఏప్రిల్ నుంచి, చిరునామా ఇస్తే డేటా తెచ్చే ఫెచ్ ఫంక్షన్ నోడ్‌లోనే ఉంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. అవెయిట్ ఫెచ్(చిరునామా), ఆ తర్వాత అవెయిట్ రెస్.జేసన్(). రెండు వరుసలు. ముక్కలు చేర్చడం, అక్షరాలు కలపడం అదే చూసుకుంటుంది. జిప్ చేసి పంపినా అదే విప్పుకుంటుంది. చిరునామా మారి 301 వస్తే కొత్త చోటికి తనే వెళుతుంది. హెచ్‌టీటీపీఎస్.గెట్ ఆ 301నే మీ చేతిలో పెట్టి ఊరుకుంటుంది.

పాత_సర్వర్
బొమ్మ గారితో ఏకీభవించను. ఫెచ్ మంచిదే. కానీ మిత్రుడు గారు మొదటే ఫెచ్ వాడి ఉంటే బైటుకూ అక్షరానికీ తేడా ఈ రోజు తెలిసేదే కాదు. రేపు పెద్ద ఫైలు ముక్కముక్కగా చదవవలసి వస్తే, ఫెచ్‌లోనైనా రెస్.బాడీ నుంచి వచ్చేవి ఇవే వట్టి బైట్లు. నేర్చుకునేవారు హెచ్‌టీటీపీ మాడ్యూల్‌తో కనీసం వారం రోజులు కుస్తీ పట్టాలని నేను గట్టిగా నమ్ముతాను. మా దగ్గరికి వచ్చే పిల్లలకు అలాగే చెబుతాను.

కొండపల్లి_బొమ్మ
వంట నేర్చుకోవాలంటే ముందు పొయ్యి కట్టాలా? గోడ మీద రేపు ఉదయం వ్యాసం ఉండాలి. ముందు అది జరగనివ్వండి.

పాత_సర్వర్
పొయ్యి కట్టనక్కరలేదు. మంట ఎక్కడ పెట్టాలో తెలిస్తే చాలు.

గ్రంథాలయ_మిత్రుడు
నా కంప్యూటర్‌లో ఫెచ్ దొరకడం లేదు, నిర్వచించలేదని ఎర్రర్ ఇస్తోంది. నోడ్ 16 ఉంది. గ్రంథాలయానికి ఎవరో దానంగా ఇచ్చిన పాత యంత్రం.

కొండపల్లి_బొమ్మ
16కు మద్దతు 2023 సెప్టెంబరులోనే ఆగిపోయింది. భద్రత కోసమైనా మార్చండి. ఫెచ్ మీద ఉన్న ప్రయోగదశ ముద్ర 21లో తొలగించారు, కనుక 22 వేస్తే నిశ్చింత.

సున్నా_నుంచి
నేను చూస్తున్న పాఠంలో 'రిక్వెస్ట్' అనే ప్యాకేజీ వేసుకోమన్నారు. వేయమంటారా?

రాత్రిబండి
వద్దు. దాన్ని 2020 ఫిబ్రవరిలోనే పక్కన పెట్టేశారు. ఒకప్పుడు అందరం దానితోనే బతికాము, చాలా పాఠాలు ఇంకా దాన్నే చెబుతున్నాయి. పాఠం ఏ సంవత్సరానిదో ముందు చూడండి.

మల్లెతీగ
నేను యాక్సియోస్ అనే ప్యాకేజీ వాడతాను, ఎందుకో చెబుతాను. ఫెచ్‌లో 404 (పేజీ లేదు) వచ్చినా 500 (సర్వరులో తప్పు) వచ్చినా అది తప్పుగా లెక్కకు రాదు. జవాబు వచ్చింది కదా, పని అయిపోయింది అంటుంది. కనెక్షనే కుదరకపోతేనే ఎర్రర్ విసురుతుంది. యాక్సియోస్ 404కే విసురుతుంది.

ఉప్పాడ_నేత
ఇది అక్షరాలా నిజం, నాకు జరిగింది. మా నేతవాళ్ల కోసం నూలు ధరలు రోజూ ఉదయం ఒక సైటు నుంచి తెచ్చి ఫోన్లకు పంపేవాడిని. ఒక రోజు వాళ్లు చిరునామా మార్చారు. ఫెచ్ తృప్తిగా 404 పేజీని తెచ్చి ఇచ్చింది. జేసన్ అనుకుని పార్స్ చేయబోతే '<' గుర్తు దగ్గర ఆగిపోయింది. ఆ గుర్తు మొదట్లోనే కనబడితే ఇంకేమీ ఆలోచించకండి, జేసన్ బదులు హెచ్‌టీఎంఎల్ పేజీ వచ్చినట్టే. ఆ రోజు నలభై మందికి ధర అందలేదు. ఒకాయన నిన్నటి ధరకే అమ్మి నష్టపోయారు. అప్పటి నుంచి రెస్.ఓకే చూడకుండా ఒక్క అడుగు ముందుకు వేయను. 200 నుంచి 299 వరకే అది నిజం అవుతుంది.

కొండపల్లి_బొమ్మ
ఒక్క 'ఇఫ్' కోసం ఒక ప్యాకేజీయా, మల్లెతీగ గారూ?

మల్లెతీగ
ఆ 'ఇఫ్' మరిచిపోయినందుకే ఉప్పాడలో ఒకాయన నష్టపోయారని ఇప్పుడే చదివాము కదా.

కొండపల్లి_బొమ్మ
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

తుంగభద్ర
పంపేటప్పుడు వచ్చే తెలుగు చిక్కు కూడా చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. హెచ్‌టీటీపీఎస్.రిక్వెస్ట్‌తో పోస్ట్ చేస్తూ, ఎన్ని బైట్లు వస్తాయో చెప్పే కంటెంట్-లెంగ్త్ హెడరులో సందేశం.లెంగ్త్ పెట్టాను. ఇంగ్లీషు సందేశాలన్నీ వెళ్లాయి, తెలుగువన్నీ తిరిగొచ్చాయి. 'తెలుగు' అనే స్ట్రింగు లెంగ్త్ 6, బైట్లు 18. ఆరు బైట్లే వస్తాయని చెప్పాను కనుక అవతలి సర్వరు 'తె' వరకు చదివి మిగతాది వదిలేసింది. అక్కడ ఉండవలసింది బఫర్.బైట్‌లెంగ్త్. ఒక భాషలో పనిచేసింది కదా అని వదిలేస్తే మన భాష దగ్గర బయటపడే తప్పులు ఇవి. అందుకే నేను ప్రతి పరీక్షలోనూ ఒక తెలుగు వాక్యం తప్పకుండా పెడతాను.

పాత_సర్వర్
తుంగభద్ర గారి చివరి వాక్యం మా పిల్లలకు రేపే చెబుతాను.

సున్నా_నుంచి
నేను పోస్ట్ పంపితే ప్రోగ్రాం కదలకుండా ఉండిపోతోంది. ఎర్రరూ లేదు, జవాబూ లేదు.

బఫర్_బాబాయి
రెక్.ఎండ్() రాశారా? గెట్ తనంతట తానే ముగిస్తుంది. రిక్వెస్ట్ మాత్రం మీరు చెప్పేవరకు ఇంకా ఏదో రాస్తారని కూర్చుంటుంది.

సున్నా_నుంచి
రాయలేదు! ఇప్పుడు వెళ్లింది.

రాత్రిబండి
రెక్ మీద 'ఎర్రర్' ఈవెంటు కూడా వినండి. అది లేకపోతే ఇంటర్నెట్ పోయిన క్షణమే ప్రోగ్రాం మొత్తం పడిపోతుంది. నాది రాత్రి రెండింటికి పడిపోయేది, ఉదయం డ్యూటీవాళ్లు వచ్చేవరకు తెలిసేది కాదు.

గడువు కూడా పెట్టండి. నోడ్‌లోని ఫెచ్ జవాబు మొదలు కావడానికి 300 సెకన్లు ఓపిక పడుతుంది. అంతసేపు కూర్చోబెట్టడం ఎవరికీ మంచిది కాదు. సిగ్నల్ అనే చోట అబార్ట్‌సిగ్నల్.టైమౌట్(8000) ఇస్తే ఎనిమిది సెకన్లకు వదిలేస్తుంది.

పాత_సర్వర్
ఎర్రరు వచ్చినప్పుడు ఫెచ్ 'ఫెచ్ ఫెయిల్డ్' అని రెండు మాటలు చెప్పి ఊరుకుంటుంది. అసలు సంగతి ఎర్రర్.కాజ్‌లో ఉంటుంది. నోడ్ 18కు మారినప్పుడు మా సొంత కంప్యూటర్‌లోని సర్వరుకే కనెక్షన్ కుదరలేదు. కాజ్ తెరిచి చూస్తే లోకల్‌హోస్ట్‌ను ఐపీవీ6 చిరునామాగా, ::1గా తీసుకుంటోంది. సర్వరేమో పాత ఐపీవీ4 చిరునామా 127.0.0.1 మీదే వింటోంది. కాజ్ చూడకపోతే ఇంకా వెతుకుతూ ఉండేవాళ్లం.

అక్షరసేద్యం
కాసేపు విశ్రాంతికి ఒక సంగతి. నోడ్‌లోని ఫెచ్ వెనుక పనిచేసే లైబ్రరీ పేరు అన్‌డీచీ. ఇటాలియన్‌లో పదకొండు అని అర్థం. హెచ్‌టీటీపీ 1.1లోని రెండు ఒకట్లూ పక్కపక్కన పెట్టి ఆ పేరు పెట్టారు.

మల్లెతీగ
మనవాళ్లు రాసి ఉంటే 'ఏకాదశి' అయ్యేది. ఉపవాసం కనుక బాడీ లేని గెట్ మాత్రమే!

బఫర్_బాబాయి
మల్లెతీగ గారు నవ్వించారు కానీ అది నిజం కూడా. గెట్‌కు బాడీ ఇస్తే ఫెచ్ ఒప్పుకోదు, ఎర్రర్ విసురుతుంది.

సున్నా_నుంచి
ఇంకొక్కటి అడుగుతాను. చిరునామాలో వ్యాసం పేరు తెలుగులోనే రాయవచ్చా?

తుంగభద్ర
ఫెచ్‌కు ఇచ్చే చిరునామాలో రాయవచ్చు, అదే మార్చుకుంటుంది. హెచ్‌టీటీపీఎస్.రిక్వెస్ట్‌లో పాత్ అని విడిగా తెలుగు ఇస్తే మాత్రం అక్కడే ఎర్రర్ వస్తుంది. రెండు చోట్లా యూఆర్ఎల్‌సెర్చ్‌పరామ్స్ వాడటం మేలు. పేరులో & గుర్తు ఉన్నా చిరునామా చెడదు. మారిన తర్వాత ఒక్కొక్క తెలుగు అక్షరం తొమ్మిది గుర్తులు అవుతుంది, చూసి భయపడకండి.

గ్రంథాలయ_మిత్రుడు
రెండు రోజులు ఇటు రాలేకపోయాను, క్షమించండి. చేసిన పని చెబుతాను.

ముందు పాత కోడ్‌లోనే సెట్‌ఎన్‌కోడింగ్ ఒక్క వరుస చేర్చి, గోదావరి వ్యాసాన్ని ఇరవై సార్లు తెచ్చి చూశాను. ఒక్కసారి కూడా నల్ల గుర్తు రాలేదు. ఆ వరుస తీసేసి ఇంకో ఇరవై సార్లు తెస్తే పదమూడు సార్లు వచ్చింది. ప్రతి ముక్క చివరి మూడు బైట్లు తెర మీద వేయించాను. ఒకదాని చివర ఈ0 ఒక్కటే నిలబడి ఉంది, తర్వాతి ముక్క బీ0తో మొదలైంది. పాత_సర్వర్ గారూ, అది కళ్లారా చూడటం వేరు. మీ మాట నాకు అర్థమైంది.

ఆ తర్వాత నోడ్ 22 వేసి, బొమ్మ గారు చెప్పినట్టు ఫెచ్‌కు మారాను. రెస్.ఓకే చూస్తున్నాను, పది సెకన్ల గడువు పెట్టాను. వ్యాసం రాకపోతే నిన్నటి కాగితం గోడ మీదే ఉండిపోతుంది. మొత్తం ఇరవై రెండు వరుసలు.

అక్షరసేద్యం
యూజర్-ఏజెంట్ హెడరు కూడా పెట్టండి. మీరు ఎవరో, మిమ్మల్ని ఎలా సంప్రదించాలో అందులో రాయమని వికీమీడియా అడుగుతుంది. ఉచితంగా ఇస్తున్నవాళ్లకు మనం ఇచ్చే మర్యాద అది.

గ్రంథాలయ_మిత్రుడు
పెట్టాను. గ్రంథాలయం పేరు, మెయిలు రెండూ రాశాను.

ఉప్పాడ_నేత
పెద్దాయన ఏమన్నారు?

గ్రంథాలయ_మిత్రుడు
ఈ రోజు ఉదయం గోదావరి వ్యాసం మళ్లీ అంటించాను. పెన్సిలు పట్టుకుని మొదటి నుంచి చివరి వరకు వేలితో చూపుకుంటూ చదివారు. ఒకచోట సున్నా చుట్టారు. పరుగెత్తుకెళ్లి చూస్తే అది వికీపీడియాలో ఎవరో చేసిన అచ్చుతప్పు. ఇద్దరం కూర్చుని అక్కడికక్కడే వ్యాసంలో సరిదిద్దాము. రేపు కొల్లేరు.